మావయ్య తప్పొప్పుల పట్టిక

మా మావయ్య ఏ పురుగు కనిపించినా ఆగి, ఫోటో తీసి, దాని పేరు చెబుతాడు. ఆ పేరు ఆ పురుగుది మాత్రం అయి ఉండదు.

వెటకారానికి అంటున్న మాట కాదిది. నాలుగేళ్లలో కొన్ని వందల పురుగులకు పేర్లు చెప్పాడు. కళ్లు మూసుకుని రాళ్లు విసిరినా వందలో ఒకటి తగలాలి. మావయ్యకు ఒక్కటీ తగల్లేదు. ఈగను తేనెటీగ అన్నాడు. తేనెటీగను కందిరీగ అన్నాడు. తీరా కందిరీగే ఎదురైతే, ఇక వేరే దారి లేక, రెక్కల చీమ అన్నాడు. అదీ అనుమానంగా, గొణుగుతున్నట్టు కాదు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గొంతు సవరించుకుని, తానే దాన్ని కని పెంచినంత ధీమాగా చెబుతాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. బస్టాండు ఎదురు వరసలో, మందుల షాపుకూ తాళాలు బాగుచేసే కొట్టుకూ మధ్య ఆయన కళ్లజోళ్ల దుకాణం. పదడుగుల వెడల్పు, మూడు గోడలకూ ఫ్రేములు. లోపలికి అడుగుపెడితే రెండు వందల జతల కళ్లద్దాలు మనవంకే చూస్తుంటాయి. ఊళ్లో సగంమందికి చూపు సరిచేసిన మనిషి.

"అందరికీ కళ్లద్దాలు పెడతావు, నీకెవరు పెడతార్రా?" అని మా అమ్మ అడిగేది.

"నా చూపుకేం అక్కా, బానే ఉంది."

"ఉంటే అక్షింతల పురుగును నల్లి అన్నావేం?"

"రెండూ గుండ్రంగానే ఉంటాయిగా."

నా ఉద్యోగం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. నేను ఒక ప్రెస్సులో తొమ్మిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. హోటల్లో మెనూ కార్డు ఇస్తే, పెన్ను తీసి అందులో తప్పులు దిద్దాక గానీ ఆర్డరు చెప్పలేను. అలాంటిదానికి ఇలాంటి మేనమామ.

పురుగు ఎంత ఎత్తులో ఉంటే ఫోటో తీసేవాడి కన్ను అంత ఎత్తులో ఉండాలని మావయ్య సిద్ధాంతం. పురుగులు ఎక్కువగా నేలమీద ఉంటాయి. కాబట్టి మావయ్య కూడా ఎక్కువగా నేలమీదే ఉంటాడు. ఓసారి పోస్టాఫీసు మెట్ల దగ్గర బోర్లా పడుకున్నాడు. పది నిమిషాల్లో చుట్టూ జనం మూగారు. ఒకరు ఆయన చెప్పులు విప్పారు. ఇంకొకరు గొడుగు పట్టారు. ఆ దారిన పోతున్న డాక్టరొకాయన మోకాళ్ల మీద కూర్చుని నాడి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, నా మాట వినిపిస్తోందా?"

"వినిపిస్తోందండీ. కాస్త పక్కకి జరగండి, నీడ పడుతోంది."

డాక్టరు జరిగాడు. జరిగి, తలవంచి తనూ చూశాడు. "ఏంటది?"

"పేడపురుగు."

"బొద్దింక పిల్లలా ఉందే."

"మీరు డాక్టరుగారు. నేను మీకు జబ్బుల పేర్లు చెబుతున్నానా?"

అది బొద్దింక పిల్లే.

దుకాణంలో కూడా ఇదే వరస. ఒక బ్యాంకు మేనేజరుగారు చూపు పరీక్షకు వచ్చి, అద్దాలు మార్చి మార్చి చూసే ఆ బరువైన ఇనప ఫ్రేము పెట్టుకుని, గోడమీది అక్షరాలు చదవబోతున్నారు.

"కదలకండి," అన్నాడు మావయ్య.

"రెండో వరస చదవనా?"

"చదవకండి. ఊపిరి కూడా మెల్లిగా తీసుకోండి."

మేనేజరుగారు ఇదేదో కొత్తరకం పరీక్ష అనుకుని బిగుసుకుపోయారు. మావయ్య ఆయన చెవి పక్కన జానెడు దూరంలో కెమెరా పెట్టి ఆరు ఫోటోలు తీశాడు.

"ఎలా ఉన్నాయండీ నా కళ్లు?" అన్నారు పెదవులు కదపకుండా.

"కళ్లింకా చూళ్లేదండీ. మీ కాలరు మీద మాంచి కందిరీగ ఉంది."

మేనేజరుగారు ఆ ఫ్రేముతోనే రోడ్డుమీదికి పరిగెత్తారు. వెనక ఫ్రేము కోసం మావయ్య. ఇద్దరి వెనకా తాళాల కొట్టాయన, ఎవరో ఏదో ఎత్తుకుపోతున్నారనుకుని. తర్వాత ఫోటో పెద్దది చేసి చూస్తే అది పచ్చచారల ఈగ. కుట్టాలని ఎంత సరదా ఉన్నా కుట్టడానికి దాని దగ్గర ముల్లే లేదు.

ఇంట్లో మా అత్తయ్య అవస్థ వేరు. "ఈ ఇంట్లో డబ్బా మూత తీసేముందు తలుపు కొట్టాలమ్మా, లోపల ఎవరున్నారో తెలీదు," అంటుంది. క్యాబేజీలో దొరికిన గొంగళిపురుగును మావయ్య గాజుసీసాలో పెట్టి, పైన 'సీతాకోకచిలుక, త్వరలో' అని చీటీ అంటించాడు. పన్నెండు రోజులకు అందులోంచి బూడిదరంగు రెక్కలపురుగు ఒకటి, దుమ్ము దులుపుకుంటున్నట్టు బయటికొచ్చింది.

"ఇదేనా మీ సీతాకోకచిలుక?" అంది అత్తయ్య.

"రెక్కలు ఆరనీవోయ్, రంగొస్తుంది."

రెండు రోజులు ఆరింది. అదే రంగులో కిటికీలోంచి వెళ్లిపోయింది.

ఇంటి వరకైతే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. కానీ మావయ్య ఫోన్లో ఒక గ్రూపులో ఉన్నాడు. పురుగుల ఫోటోలు పెట్టి, పేర్లు పోల్చుకునే గ్రూపు అది. రెండు వందల ముప్ఫైమంది సభ్యులు. అందులో ఎర్రసిరా మాస్టారు అనే పెద్దాయన ఉన్నారు. అసలు పేరు ఎవరూ వాడరు. కాలేజీలో ముప్ఫై ఏళ్లు పురుగుల గురించే పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మావయ్య రోజూ ఉదయం ఏడింటికి ఒక ఫోటో, ఒక తప్పు పేరు పెడతాడు. ఏడూ ఐదుకల్లా మాస్టారి జవాబు వచ్చేది.

"రెక్కలు లెక్కపెట్టండి. తేనెటీగకు నాలుగు. దీనికి రెండు. నాలుగుదాకా లెక్క వచ్చనుకుంటాను."

"ఇది దోమ కాదు. దోమలు ఇంతింత ఉంటే ఈపాటికి మనం మిగిలేవాళ్లం కాదు."

"ఫోటో చూశాను. పేరు చూశాను. మళ్లీ ఫోటో చూశాను. మీకు కళ్లజోళ్ల దుకాణం ఉందని విన్నాను. ఆశ్చర్యంగా ఉంది."

దానికి మావయ్య ప్రతిసారీ ఒకటే రాసేవాడు: "అలాగా మాస్టారూ. నేర్చుకున్నాను." మర్నాడు ఏడింటికి మళ్లీ మొదలు. సభ్యుల్లో సగంమంది పురుగుల కోసం కాక ఈ తిట్లకోసమే గ్రూపులో ఉన్నారు. మా అమ్మా అత్తయ్యా కూడా అందుకే చేరారు.

ఆ గ్రూపువాళ్లు ఏటా పన్నెండు ఫోటోలతో క్యాలెండరు వేయిస్తారు. మా ప్రెస్సులోనే. ఆ ఏడాది వచ్చిన ఫోటోలన్నీ బల్లమీద పరిస్తే, ఒకదాని దగ్గర మా ఓనరుగారి చెయ్యి ఆగిపోయింది. గడ్డిపోచ మీద పొద్దుటి వెలుగులో వాలిన సన్నని పురుగు, జల్లెడ బట్టలాంటి రెక్కలు. కింద 'తూనీగ' అని ఉంది. అది మావయ్య తీసింది. తూనీగ కాదని వేరే చెప్పక్కర్లేదు.

"ఫోటో అద్భుతంగా ఉందండీ. కానీ ఈయన పేరు వేస్తే జనం నవ్వుతారు," అని కమిటీవాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు.

ఓనరుగారు నావైపు తిరిగి, "ఈయన మీకేమైనా అవుతారా? మీ అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు ఇదేనని ఎప్పుడో చెప్పినట్టు గుర్తు," అన్నారు.

"దూరపు చుట్టం," అన్నాను.

చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకు తిప్పిన మనిషిని దూరపు చుట్టం అన్నాను. ఆ సాయంత్రమంతా నామీద నాకే చిరాకు వేసింది. ఆ చిరాకు, ఎప్పుడూ జరిగేట్టే, మావయ్య మీదికి మళ్లింది. ఈయన తప్పుల సంగతి నేనే తేల్చాలనుకున్నాను.

అవకాశం తనంతట తనే వచ్చింది. మావయ్యకు కంట్లో శుక్లం తీశారు. పది రోజులు ఫోను చూడకూడదు, వంగకూడదు, బోర్లా పడుకోకూడదన్నాడు డాక్టరు. మావయ్యకు ఇది జైలు శిక్షే. నల్లద్దాలు పెట్టుకుని మంచంమీద వెల్లకిలా పడుకుని, నన్ను పిలిపించాడు.

"అమ్మాయ్, ఫోన్లో నేను ముందే తీసిపెట్టిన ఫోటోలున్నాయి. రోజుకొకటి గ్రూపులో పెట్టు. పేరు నేను చెబుతా. ఒక్కరోజు కూడా ఆపకు."

"కళ్లు నయమయ్యేదాకా ఆగొచ్చుగా?"

"ఆగకూడదు." అంత గట్టిగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

ప్రెస్సులో బొమ్మల పురుగుల పుస్తకం ఒకటి ఉంది, లావుపాటిది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. మావయ్య పొడుగుకాళ్ల ఈగను పెద్దదోమ అని పెట్టమన్నాడు. నేను పుస్తకం చూసి పొడుగుకాళ్ల ఈగ అనే పెట్టాను. మర్నాడు మిడత అన్నాడు. కీచురాయి అని పెట్టాను. గ్రూపంతా నోళ్లు తెరిచింది. ఎవరో పువ్వుల బొమ్మలు పంపారు. మరొకాయన, "ఆపరేషను ఏ డాక్టరు చేశారో చెబుతారా?" అని అడిగాడు. కళ్లు నయమయ్యేదాకా ఆయన దగ్గర గ్రూపు మాట ఎత్తొద్దని డాక్టరు అన్నారని అమ్మకూ అత్తయ్యకూ చెప్పాను. ఎర్రసిరా మాస్టారు మొదటిరోజు "అవును" అన్నారు. రెండోరోజూ "అవును" అన్నారు. మూడోరోజునుంచి ఏమీ అనలేదు. సిరా ఇంకిపోయింది, గెలిచానని సంబరపడ్డాను.

"మాస్టారేమన్నారు?" మంచంమీంచి మావయ్య అడిగాడు.

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోవడమేంటి? పెద్దదోమ అన్నావా?"

"అన్నాను."

"మిడత?"

"అదీ అన్నాను."

మావయ్య ముఖం వాడిపోయింది. అత్తయ్య తెచ్చిన పళ్లెం అలాగే ఉంచేశాడు. "అయితే ఈ డోసు చాల్లేదన్నమాట," అని తనలో తను గొణుక్కుని, "రేపటిది రెక్కలపురుగు. దాన్ని పిచ్చుక అని పెట్టు," అన్నాడు.

"పిచ్చుకా?"

"పిచ్చుకే."

మందుల మత్తింకా దిగలేదనుకున్నాను.

తొమ్మిదోరోజు సాయంత్రం నా చేతిలో ఉండగా మావయ్య ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి గొంతు, కంగారుగా ఉంది. "అన్నయ్యా, ఈమధ్య నాన్నకి కోపం తెప్పించట్లేదేం?"

నేను మేనకోడల్నని చెప్పి, ఏ నాన్నకని అడిగాను. ఆవిడ ఎర్రసిరా మాస్టారి కూతురు. వారంనుంచీ ఆయన కిటికీవైపు వీపు పెట్టి కూర్చుంటున్నారట. పొద్దున ఏడింటికి ఫోను చేతికిస్తే చూసి, బల్లమీద బోర్లా పెట్టేస్తున్నారట. మాటలు మళ్లీ తగ్గిపోయాయట. "మళ్లీ అమ్మ పోయినప్పటి లాగా అయిపోతారేమోనని భయంగా ఉందమ్మా. మీ మావయ్యకి ఒక్కమాట చెప్పు, ఏదైనా పెద్ద తప్పు చెయ్యమని."

ఫోను పట్టుకుని మావయ్య గదిలోకి వెళ్లి, చేసిందంతా ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన నల్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అన్నీ ఒప్పులే పెట్టావా?"

"అన్నీ."

"ఒక్కటి కూడా పొరపాటున తప్పు పడలేదా?"

"నేను ప్రూఫులు దిద్దుతాను మావయ్యా."

"అదీ నిజమే, పాపం," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. నాలుగేళ్లకిందట ఆ కూతురు దుకాణానికొచ్చి, నాన్న ఇల్లు కదలరు, మీరే వచ్చి చూపు పరీక్ష చెయ్యాలంది. మావయ్య వెళ్లాడు. మాస్టారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. భార్య పోయి ఏడు నెలలు. అక్షరాల చార్టు పెడితే, "నాకు చూడాల్సిందేమీ మిగల్లేదు," అన్నారు. ఏం చెయ్యాలో తెలియక మావయ్య కిటికీవైపు చూసి, "ఈ తేనెటీగ బాగుందండీ," అన్నాడు. అప్పటికి మావయ్యకు పురుగుల్ని ఫోటో తీయడమే తెలుసు, పేర్లు తెలియవు. ఆ తప్పొక్కటే నిజమైన తప్పు. మాస్టారు కుర్చీతో సహా గిర్రున తిరిగారు. "అది తేనెటీగా? ఎవరు చెప్పారు నీకు?" అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు వాయించి, మధ్యలో రెండు కప్పుల టీ తాగారు. గుమ్మం దగ్గర కూతురు అలా నిలబడిపోయింది.

"అందుకని నాలుగేళ్లుగా కావాలని తప్పులు చెబుతున్నావా?"

"అంత తేలికనుకున్నావా? తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు తెలియాలే. లేకపోతే ఖర్మకాలి ఏదో ఒకరోజు ఒప్పే చెప్పేస్తా."

దుకాణంలో ఫ్రేముల సొరుగు అడుగున ఉన్న నోటుబుక్కు తెమ్మన్నాడు. మా ప్రెస్సులో పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేస్తాం. తప్పు ఎడమవైపు, ఒప్పు కుడివైపు. మావయ్య పట్టిక తిరగేసి ఉంది. ఎడమవైపు ప్రతి పురుగు అసలు పేరు, దాన్ని గుర్తుపట్టే ఆనవాళ్లు, పొందికైన అక్షరాల్లో. కుడివైపు చెప్పాల్సిన తప్పు. పక్కన సూచనలు: 'మరీ తెలివితక్కువగా ఉంది, అనుమానం రావచ్చు.' 'ఇది చిన్న తప్పు, సోమవారానికి చాలు.' 'దీనికి కనీసం అరగంట తిడతారు.' ఎనిమిది వందల పైచిలుకు పేర్లు. నా అలవాటుకొద్దీ తప్పులు వెతికాను. ఎడమవైపు ఒక్కటీ దొరకలేదు.

"మరి ఇంట్లో కూడా ఎందుకు తప్పులు చెప్పావ్? మాకు నిజం చెప్పొచ్చుగా?"

"మీ అమ్మ గ్రూపులో ఉంది. మీ అమ్మ నోట ఏ మాటైనా ఆగిందా?"

"నీ ఫోటో క్యాలెండరులో వెయ్యలేదు, తెలుసా?"

"వచ్చే ఏడాది పురుగులుండవా ఏంటి?" అన్నాడు.

దూరపు చుట్టం సంగతి కూడా చెప్పేశాను. ఆయన, "ఏ వరస చెప్పావ్?" అని అడిగాడు. వరస చెప్పలేదన్నాను. "అక్కడా తప్పు చేశావ్. దూరపు చుట్టమంటే వరస కూడా చెప్పాలి, లేకపోతే నమ్మరు," అన్నాడు.

మర్నాడు ఏడింటికి, తొమ్మిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, తెలిసి తెలిసి ఒక తప్పు అచ్చు వేశాను. చీమలా కనిపించే సాలెపురుగు ఫోటో పెట్టి, కింద 'చీమ' అని కొట్టాను. ఏడూ నాలుగుకు జవాబొచ్చింది.

"కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది. మీ ఇంట్లో చీమలకు ఎనిమిదేసి కాళ్లు కాబోలు. తొమ్మిది రోజులు బాగుపడ్డారనుకున్నాను. నా పొరపాటు."

ఏడూ పదికి కూతురి నుంచి ఇంకో సందేశం: "లేచారు. టీ అడిగారు. ఇంకా తిడుతున్నారు."

కంటి డాక్టరు బోర్లా పడుకోవడానికి అనుమతి ఇచ్చిన ఆదివారం, మావయ్య నన్ను మాస్టారింటికి తీసుకెళ్లాడు. మాస్టారి ఫ్రేము వదులైందట, బిగించాలి. బిగించి, "ఇప్పుడే వస్తానండీ," అని పెరట్లోకి వెళ్లి కుండీల మధ్య పడుకున్నాడు. కిటికీలోంచి ఆయన చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. గది గోడలనిండా గాజుమూతల పెట్టెలు, వాటిలో వరసగా గుండుసూదులకు గుచ్చిన పురుగులు. వాటి మధ్య మాస్టారు, సన్నగా, స్వెట్టరులో.

"ఆ తొమ్మిది రోజులూ రాసింది నువ్వే కదూ?" అన్నారు నన్ను చూస్తూ.

"ఎలా తెలిసిందండీ?"

"కామాలు సరిగ్గా ఉన్నాయి."

ఆయన లేచి, బల్లమీంచి ఒక ఫోటో తెచ్చి నా చేతిలో పెట్టారు. క్యాలెండరుకు ఎక్కని ఆ తూనీగ కాని తూనీగ.

"ఇసుకలో గరాటులాంటి గుంట చేసుకుని చీమల్ని పడతాయే, ఆ పురుగులు పెరిగి రెక్కలొస్తే ఇలా అవుతాయి. తూనీగకీ దీనికీ తేడా ఎక్కడ తెలుస్తుందో చెప్పనా? మీసం దగ్గర. దీని మీసం చివర చిన్న గుండులా ఉంటుంది. మీ మావయ్య ఫోటోలో తోక మసక, కాళ్లు మసక. ఆ గుండొక్కటే సూదిమొనంత స్పష్టంగా ఉంది. తెలియనివాడు సరిగ్గా అక్కడే ఎందుకు గురిపెడతాడమ్మా?"

"అంటే మీకు తెలుసా?"

"మూడేళ్లుగా తెలుసు. ఆయన ఫోటోలన్నిటిలోనూ ఇదే గురి."

"మరెందుకు తిడుతున్నారు?"

"పాపం, ఆయన ఆ తప్పులు వెతకడానికి ఎంత కష్టపడుతున్నాడో చూడు. నేను తిట్టకపోతే బావుంటుందా? నేనూ ముందురోజే మంచి తిట్టు ఒకటి ఆలోచించి పెట్టుకుంటాను." కళ్లజోడు సరిచేసుకున్నారు. "కామాల సంగతి తర్వాత తట్టింది. ముందు మాత్రం, అన్నీ ఒప్పులే వస్తుంటే, ఇక ఆయనకి నాతో పని తీరిపోయిందనుకున్నాను. ఇదంతా ఆయనకి చెప్పకు."

చెప్పనన్నాను. నా ఉద్యోగానికి ఇది పూర్తిగా విరుద్ధం, అయినా చెప్పనన్నాను.

అప్పుడే మావయ్య చొక్కాకు మట్టితో, కెమెరా రెండు చేతుల్తో పట్టుకుని లోపలికొచ్చాడు. నేను తప్పు పేరు కోసం, మాస్టారు తిట్టుకోసం సిద్ధమయ్యాం. మావయ్య కెమెరా ఆయన ముందు పెట్టాడు.

"మాస్టారూ, ఇదేంటో నాకు నిజంగా తెలీదు."

గోరంత ఆకుపచ్చ పురుగు. వీపుమీద రాగిరంగు చుక్కలు మూడు. మాస్టారు చూశారు. కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. భూతద్దం అడిగారు. అల్మరా దగ్గరికి తనే నడిచి వెళ్లి రెండు పుస్తకాలు దించారు. ఇద్దరూ బల్లమీద తలలు ఆనించి, "మీసం కణుపులు లెక్కపెట్టు," "పదకొండు," "మళ్లీ లెక్కపెట్టు," అనుకుంటూ కూర్చున్నారు. కూతురు తెచ్చిన టీ చల్లారిపోయింది. రెండోసారి తెచ్చిందీ చల్లారింది. మూడోసారి పెట్టినది లోపలికి తేకుండా కూతురూ నేనూ తాగేశాం.

మర్నాడు ఏడింటికి గ్రూపులో ఆ ఫోటో వచ్చింది. కింద మావయ్య, "పేరు తెలియదు," అని రాశాడు. ఐదు నిమిషాలకు ఎర్రసిరా మాస్టారు, "నాకూ తెలియదు. ఇద్దరం వెతుకుతున్నాం," అని రాశారు.

మధ్యాహ్నం లోపు మా అమ్మతో సహా పదిహేడుమంది నాకు ఫోను చేశారు, ఆ ఇద్దరి ఫోన్లూ ఎవరో కొట్టేశారు, పోలీసులకు చెప్పారా అని.